చూసినవారి సంతకం

"రెండు రోజులు వీపు తడపకండి, బరువులెత్తకండి, చెమట పట్టే పనులు పెట్టుకోకండి" అని పన్నెండేళ్ళుగా అందరికీ చెబుతున్నాను. విన్న ప్రతి ఆడమనిషీ నవ్వుతుంది. నేనూ నవ్వేదాన్ని. ఈసారి ఆ పరీక్ష పట్టీలు నా వీపుకే అంటించుకుని ఇంటికొచ్చాక తెలిసింది, వాళ్ళెందుకు నవ్వేవాళ్ళో.

క్రీములూ మందులూ ఎండ తగిలితే చర్మాన్ని కందిస్తాయేమో చూసే ల్యాబు మాది. వీపుకి రెండు వైపులా ఒకే క్రీము పెట్టి పట్టీలు వేస్తాం. మర్నాడు కుడివైపు మూసే ఉంచి, ఎడమవైపు పట్టీలు తీసి, ఎండలాంటి కాంతినిచ్చే దీపం వేస్తాం, ఆ తర్వాతే కుడివైపువీ తీసేస్తాం. మూసిన చోటు మామూలుగా ఉండి, వెలుతురు పడ్డ చోటు కందితే దోషం క్రీముది. ఈసారి పరీక్షకి రావాల్సిన ముప్ఫై మందిలో ఒకామె రాలేదు. "మీరున్నారుగా మేడమ్" అన్నాడు సెక్షన్ హెడ్. ఇంట్లోనైనా ఇక్కడైనా, ఎక్కడ ఖాళీ కనపడితే అక్కడ నన్ను సర్దడం అందరికీ అలవాటే.

పట్టీలు చూసి అత్తగారు, "వీపు వాళ్ళకిచ్చొస్తే ఇక ఇంటిపనికి నడుం ఏం వంగుతుంది" అన్నారు. వంగింది. బకెట్లు మోశాను, ఆవిడకు స్నానం చేయించాను. నేను మాత్రం తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకున్నాను.

దీపం వేసిన మర్నాడు సెలవు. అలాంటప్పుడు ఇంట్లోవాళ్ళు చూసి కాగితం మీద అంకె వేసి సంతకం చేయొచ్చు. ఏమీ లేకపోతే సున్నా, కందితే ఒకటి, బొబ్బలొస్తే రెండు. ఫొటోలో రంగు నమ్మకూడదు, కంటితోనే చూడాలి. వీపు మీద బట్ట తొలగించి మా ఆయన ముందు నిలబడ్డాను. "మండుతోంది, కాస్త చూడండి" అన్నాను.

"ఏం లేదులే. నీకన్నీ ఎక్కువే" అన్నారు. సున్నా వేసి సంతకం చేస్తున్నప్పుడు కూడా ఆయన కళ్ళు ఫోన్‌లోనే ఉన్నాయి.

నాకు సిగ్గుగా ఉన్నది ఆయన్ని చూసి కాదు. నేను నమ్మాను. రోజంతా మండుతూనే ఉంది, అయినా ఆయన ఏం లేదన్నారు కదా అని నా మంటకి నేనే సర్దిచెప్పుకున్నాను. తలనొప్పి అంటే నిద్ర చాలలేదన్నారు, దిగులుగా ఉందంటే పనిలేక అన్నారు, అన్నిటికీ తలూపాను. నా ఒంటి సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసన్నట్టు బతికాను. పన్నెండేళ్ళుగా ఎంతమంది వీపులు చూశాను! ఎవరైనా మండుతోందంటే కిటికీ వెలుతురులోకి తిప్పి మరీ రెండోసారి చూసేదాన్ని.

మరుసటి పొద్దున ల్యాబులో బట్టలు మార్చుకుంటుంటే, ఊడ్చే ఆయమ్మ చీపురు పక్కన పడేసి దగ్గరికొచ్చింది.

"ఇదేంటమ్మా, ఎడంపక్కంతా బొబ్బలొచ్చాయి. కుడిపక్క ఏం లేదు. ఇంట్లో ఎవరూ చూళ్ళేదా?"

"చూశారు" అన్నాను. అనగానే ఏడుపొచ్చింది.

నర్సు చూసి రెండు వేసింది. అప్పటికే ఇంకొకామెకి కందింది. నాది కూడా లెక్కలోకొస్తే క్రీము వెనక్కి పోవాల్సిందే. సెక్షన్ హెడ్ తలుపు దగ్గరికి వేసి నెమ్మదిగా అన్నాడు: "నిన్న సున్నా, ఇవాళ బొబ్బలా? ఇంటిపనిలో ఎక్కడో ఒరుసుకుని ఉంటుంది. మీవారి సంతకం కూడా ఉంది. మీ పేరు తీసేద్దాం మేడమ్, ఎందుకొచ్చిన గొడవ."

అంత మర్యాదగా అడిగితే నేను ఎప్పుడూ కాదనలేదు. కానీ ఆ క్రీము రాసుకుని ఎండలో పనికెళ్ళే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. సాయంత్రం ఇంటికెళ్ళి మండుతోందంటే, ఏం లేదులే అనడానికి వాళ్ళకీ ఎవరో ఒకరు ఉంటారు.

"నా పేరు ఉండాలి సార్" అన్నాను.

మా దగ్గర కాగితం మీద తప్పు దిద్దాలంటే దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన కారణం రాసి సంతకం పెట్టాలి. మా ఆయన వేసిన సున్నా మీద గీత కొట్టాను. కారణం రాయాల్సిన చోట, సంతకానికి ముందు, స్పష్టంగా రాశాను: "ఎవరూ చూడలేదు."