మూత మీద గొలుసు

మూడో దెబ్బకు పిల్ల పెదవి చిట్లింది. రక్తం తెల్లచొక్కా మీద పడింది. అయినా తల్లి చేయి ఆగలేదు. లాండ్రీలో పొద్దస్తమానం తడి దుప్పట్లు పిండే చేయి అది. మెల్లగా కొట్టడం దానికి తెలియదు.

"చాలా సార్?" అంది రొప్పుతూ.

"నన్నడుగుతావేంటి? నీ కూతురు, నీ ఇష్టం," అన్నాడు హెడ్మాస్టరు కుర్చీలోంచి. "బెత్తం కూడా ఉందక్కడ, చూడు."

ఆ బడిలో పద్ధతి అది. పంతుళ్లు పిల్లల మీద చేయి చేసుకోకూడదని చట్టం వచ్చింది. హెడ్మాస్టరు చట్టాన్ని అక్షరాలా పాటించే మనిషి. అందుకని తప్పు చేసిన పిల్లల తల్లినో తండ్రినో పని మధ్యలో పిలిపించి, తరగతి ముందు నిలబెట్టి వాళ్ల చేతే కొట్టించేవాడు. కొట్టినవాళ్లే పైగా దండం పెట్టి వెళ్లేవాళ్లు. ఇంతకన్నా శుభ్రమైన దుర్మార్గం ఎక్కడుంటుంది?

ఆ ఉదయమే మూడో తరగతికి కొత్త లాప్‌టాప్‌లు వచ్చాయి, బల్లకొకటి. వాటినిచ్చిన కంపెనీ పెద్దమనిషి చూడడానికి వచ్చి వెళ్లాడు. ఎవరెత్తుకుపోతారోనని హెడ్మాస్టరు ఒక్కోదానికీ అడ్డంగా, నిలువుగా గొలుసు బిగించి, పశువును గుంజకు కట్టినట్టు బల్లకు కట్టి తాళం వేశాడు. పిల్లలంతా చేతులు కట్టుకుని చూడాలి. ముట్టుకుంటే తోలు వలిచేస్తానన్నాడు.

"నీ కూతురు లాప్‌టాప్ పగలగొట్టింది" అని కబురు వెళితే తల్లి సబ్బు చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. వచ్చీ రావడంతోనే కొట్టింది. ముందు కొట్టడం, తర్వాత అడగడం. ఆవిడ్నీ అలాగే పెంచారు. అసలు అడగడమంటేనే భయం, పిల్లను బడిలోంచి తీసేస్తారని. తన బతుకు ఎలాగూ ఆవిరి గదిలో తెల్లారిపోతోంది. పిల్లదైనా అలా కాకూడదు.

బెత్తం అందుకుని ఎత్తింది. అప్పుడు చూసింది. పిల్ల చేతులు ఇంకా కట్టుకునే ఉంది. అన్ని దెబ్బలు తింటూ మొహానికి అడ్డం పెట్టుకోవడానికైనా విప్పలేదు.

"చేతులు విప్పవేమే?"

"విప్పొద్దన్నారమ్మా సారు. పొద్దుట్నుంచీ విప్పలేదు."

"మరెలా పగిలిందే?"

"సారు గొలుసు తీయడం మర్చిపోయి మూత లాగారమ్మా. రాలేదు. ఆ వచ్చినాయన చూస్తున్నాడని ఇంకా గట్టిగా లాగారు. టప్‌మంది."

తల్లి బల్ల వైపు చూసింది. అద్దం నిండా బీటలు. గొలుసు ఇంకా సగం లేచిన మూతలో ఇరుక్కునే ఉంది. తరగతంతా తలలు వంచుకుంది.

"అబద్ధాలు కూడా నేర్పావా?" హెడ్మాస్టరు లేచాడు. "ఇంకో పది తగిలించు. లేదంటే టీసీ ఇస్తా, తీసుకుపో."

"చేసింది మీరు కదయ్యా."

"కొడతావా, కొట్టవా?"

ఆవిడ కూతురి పెదవి వైపు చూసింది. ఆ రక్తం తన చేతి చలవే. అరచేత్తో తుడిచింది.

"కొట్టను." బెత్తం ఆయన ముందు పడేసింది. "అంత కొట్టాలనుంటే మీ చేత్తో మీరే కొట్టండి. అందరూ చూస్తారు."

ఆయన ముఖం జేవురించింది. ఇన్నాళ్ల చట్టం ఆ ఒక్క క్షణంలో మర్చిపోయాడు. బెత్తం లాక్కుని ఎత్తాడు. పిల్ల కళ్లు మూసుకుంది.

దెబ్బ పడలేదు. తల్లి ఆయన మణికట్టు దొరకబుచ్చుకుంది, దుప్పటి పిండినట్టు మెలితిప్పింది. లోపల ఏదో కటుక్కుమంది. బెత్తం జారి నేల మీద పడింది.

"వదులు! వదలవే!" ఆయన గావుకేక పెట్టాడు.

ఆవిడ వదల్లేదు.

"చేతులు విప్పవే తల్లీ," అంది కూతురితో, ఆయన కళ్లలోకే చూస్తూ.

పిల్ల సారు వైపు చూసింది, అమ్మ వైపు చూసింది. విప్పలేదు. వెనక బల్లలో ఇంకో పిల్ల మాత్రం మెల్లగా చేతులు విప్పింది.