తెల్లగోడ మీద ఇరవై ఎనిమిది సెకన్లు

నేను ఒక సినిమా కెమెరాను. బ్యాటరీ రుచి ఎరగను. గడియారానికిచ్చినట్టు పక్కనున్న పిడి తిప్పి కీ ఇస్తే ఇరవై ఎనిమిది సెకన్లు ఆడతాను, ఆగిపోతాను. ఓస్, అంతేనా అనకండి. తలకు తగిలించుకుని పొద్దస్తమానం తిప్పే ఈనాటి కెమెరాలకు నేను పట్టింది దక్కలేదు. గొప్పలు పోతున్నానంటారా? పోతాను. నాకు హక్కుంది.

పుట్టింది స్విట్జర్లాండులో. మొదట కొన్న పెద్దమనిషి నాతో నాలుగు పెళ్లిళ్లూ, పెంపుడు కుక్కపిల్లల్నీ తీసి, మద్రాసు వచ్చినప్పుడు అమ్మేసి పోయాడు. మంచుకొండల పక్కన పుట్టి కుక్కపిల్లల్ని తీసే బతుకు! నన్ను కొన్నది తెనాలి ఫణీంద్రం, స్టూడియోల్లో అసిస్టెంటు కెమెరామన్. ఒకసారి ఫిలిం సొసైటీలో విదేశీ స్కీ సినిమా చూశాడు. కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకున్న మనుషులు కొండ అంచు నుంచి దూకి, కింద మంచులో తేలి, నవ్వుకుంటూ జారిపోవడం చూసి ఆ మహానుభావుడికి మతిపోయింది. అప్పట్నించీ హీరోయిన్ ముఖం మీద లైటు సర్దుతూ కూడా మంచు గురించే మాట్లాడేవాడు.

ఎనభై అయిదు ఫిబ్రవరిలో నన్ను కాశ్మీరులోని గుల్మార్గ్ తీసుకుపోయాడు. అక్కడ దొరికాడు అప్పలసూరి. టెక్కలి దగ్గరివాడు, పటాలంలో హవల్దారు. కాళ్లకు స్కీ పలకలు కట్టాడంటే ఇక పట్టపగ్గాలుండవు. సిపాయిలు తెల్లగోడ అని పిలుచుకునే నిటారు వాలు ఒకటి ఉండేది. దాని మీంచి అప్పటిదాకా ఎవరూ దిగలేదు. తాను దిగుతానంటే తోటివాళ్లు పడీ పడీ నవ్వారట.

"మూడు దినాల్లో నన్ను ఎడారికి బదిలీ సేసేస్తన్నారు బాబూ. దిగితే ఇప్పుడే దిగాల. బొమ్మ తియ్యకపోతే ఈళ్లు నమ్మరు," అన్నాడు సూరి.

పొద్దున్నే సూరి కొండెక్కుతుంటే మావాడు ఒక ఘనకార్యం చేశాడు. చలికి నేనెక్కడ బిగుసుకుపోతానో అని టీ కొట్టులో పొయ్యి పక్కన శాలువా కప్పి కూర్చోబెట్టాడు. మంచులోంచి వెచ్చని గదిలోకి వస్తే నా అద్దానికి చెమ్మ పడుతుంది. మళ్లీ బయటికి తీస్తే ఆ చెమ్మ గడ్డకడుతుంది. తెనాలి ఎండల్లో పెరిగినవాడికి ఇది ఎవరు చెబుతారు?

పైనుంచి సూరి చెయ్యి ఊపాడు. ఫణీంద్రం కన్ను నాకు ఆనించాడు. అంతా తెలుపే. మంచుపొడి లేచిందనుకున్నాడు. నేను ఆగితే కన్ను తియ్యకుండానే మళ్లీ కీ ఇచ్చాడు. కబోదిలా ఆడుతూనే ఉన్నాను. సూరి కిందికొచ్చి నిలబడ్డాక గానీ అద్దం మీది పొర ఫణీంద్రం కంటపడలేదు.

మనిషి ఏపాటివాడో తేలేది ఇలాంటప్పుడే. ఫిలిం కడిగేది మద్రాసులో, నెల తర్వాత. ల్యాబు వాళ్లు పాడుచేశారని ఒక ఉత్తరం ముక్క రాసిపడేస్తే ఎవరడుగుతారు? ఫణీంద్రం ఆ పని చెయ్యలేదు. సూరి పలకలు విప్పకముందే వెళ్లి ఎదుట నిలబడ్డాడు.

"సూరీ, నీ కొంప ముంచానయ్యా! ఒక్క ముక్క రాలేదు. తప్పు నాదే," అని భోరుమన్నాడు.

సూరి ఒంటినిండా ఉన్న మంచు దులుపుకుంటూ సంగతంతా విన్నాడు. విని పకపకా నవ్వాడు.

"సంటిపిల్లకి కాసినట్టు సలి కాసీసినావేటి బాబూ! ఊరుకో. రేపు మళ్లీ ఎక్కుతాను."

ఆ రాత్రి నన్ను గోనెసంచిలో చుట్టి బయటే ఉంచారు. మర్నాడు సూరి నాలుగు గంటలు ఎక్కాడు. నిన్నటి జాడలు లేని ఎడమ పక్కకి, ఇంకా నిటారుగా ఉన్న చోటికి పోయాడు. ఫణీంద్రం పూర్తిగా కీ ఇచ్చి ఊపిరి బిగబట్టాడు. సూరి దూకాడు. ఒక మలుపు, ఇంకో మలుపు, బండ మీంచి గాల్లోకి లేచి, కిందికొచ్చి తూలి నిలదొక్కుకుని, తిన్నగా మా మీదికే వచ్చి ఆగాడు. లేచిన మంచు నా అద్దానికి కొట్టింది. సరిగ్గా అప్పుడు నా స్ప్రింగు అయిపోయింది. అబ్బ, ఎంత పొంగిపోయానో!

ముప్ఫై ఏళ్లు ఆ బొమ్మను ఊరూరా ఆడించాడు ఫణీంద్రం. కల్యాణమండపాల్లో, కాలేజీల్లో, మే నెల ఉక్కలో చెమటలు కక్కుతూ జనం ఈలలు వేశారు. ప్రతిచోటా చివర లేచి ఒకటే మాట చెప్పేవాడు. "ఇది రెండోసారి దిగింది. మొదటిసారి ఇంతకంటే బాగా దిగాడు. నా తెలివితక్కువ వల్ల మీకు దక్కలేదు." తను చూసింది తెలుపే అయినా మనస్ఫూర్తిగా అలాగే నమ్మాడు. పోయేదాకా అదే మాట.

నిరుడు విశాఖపట్నంలో కొండలెక్కే కుర్రకారు పాత స్కీ సినిమాలు వేశారు. నన్ను గాజుపెట్టెలో బల్ల మీద పెట్టారు. డెబ్బై దాటిన సూరినీ పిలిచారు. బొమ్మ అయ్యాక ఒకమ్మాయి లేచి, "తాతగారూ, ఆ మొదటిసారి ఎంత బాగా దిగారో చెప్పరా?" అంది.

సూరి కర్ర ఊతంతో లేచాడు.

"ఏటి సెప్పమంతావమ్మా! ఆ తూరి నాను రెండుసార్లు పడ్డాను. గోనెమూటలాగ దొర్లుకొచ్చినాను. అద్దానికి మంచు పట్టబట్టి పరువు దక్కింది. నిజం సెప్పాలనే ఉండీది. సెప్తే ఆ బాబు ఊరూరా సెప్పిన మాట అబద్ధమయిపోద్ది గదా! అందికే ఆయన ఉన్నన్నాళ్లూ నోరు మూసుకున్నాను."

కర్రను కుడిచేతిలోకి మార్చుకున్నాడు.

"రెండో తూరి మాత్రం పడ్నేదు," అన్నాడు సూరి. కర్ర ఎత్తి నన్ను చూపించాడు. "అదిగో, నా సాచ్చి."

హాలంతా నా వైపు తిరిగింది.