స్టిక్కరు ఊడిన బేసిన్

సేతురామ ఎక్కి నిలబడిన బేసిన్ సింగపూర్‌ది. ఆ సంగతి అతనికి ఎక్కకముందే తెలుసు. పోదనూరులో వాళ్ళింట్లో స్టూలు లేక కాదు. స్టూలు మీద రేడియో ఉంది, రేడియో మీద భార్య ధనమ్మాళ్ అల్లిన గుడ్డ ఉంది, గుడ్డ మీద పింగాణీ కుక్కపిల్ల ఉంది. ఇంత సంసారాన్ని కదిలించడం కంటే, తోరణానికి మేకు కొట్టే రెండు నిమిషాలకు బేసిన్ బోర్లించుకోవడమే సులువనిపించింది.

రెండో దెబ్బకు మేకు దిగింది. మూడో దెబ్బకు సేతురామ దిగాడు.

"ఏమండి, ఏం సద్దు అది?" వంటింట్లోంచి ధనమ్మాళ్ కేకేసింది.

"మేకు."

"మేకు ఇంత గట్టిగా అరుస్తాదా?"

వచ్చి చూసింది. బేసిన్ అడుగున జానెడు పొడవు పగులు. ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని వేళ్ళు మడిచింది.

"ఈరోజు మంగళవారం. శుక్రవారం పాప చెవులు కుట్టాల. మా అన్న తొడమీద కూర్చోబెట్టి దా కుట్టాల. బేసిన్ ఇట్లుంటే వదినె అలిగి పోతాది. వదినె పోతే అన్న నిలుస్తాడా? అన్న లేకుంటే ఎవరి తొడ? మీ తొడనా?"

సేతురామ తన తొడవైపు చూసుకున్నాడు. తండ్రి తొడ ఈ పనికి చెల్లదు. వాళ్ళలో మేనమామ తొడే కావాలి. పాపకు ఐదేళ్ళు నిండినా చెవులు ఖాళీగా ఉండటానికి కారణం కూడా ఆ తొడే. మూడేళ్ళ క్రితం ధనమ్మాళ్ తన వదిన పొన్నుత్తాయికి టిఫిన్ క్యారియర్ తిరిగిచ్చినప్పుడు మూత మారిపోయింది. అప్పటినుంచి అవినాశిలో ఉండే అన్న ముత్తుకృష్ణా, పోదనూరులో ఉండే చెల్లెలూ మాట్లాడుకోలేదు. పోయిన నెల ఎవరిదో పెళ్ళిపంక్తిలో రెండే ఆకులు మిగిలాయి, పక్కపక్కనే. పాయసం వచ్చేసరికి రాజీ అయింది. ఆ రాజీకి గుర్తుగా, వచ్చినవాళ్ళకు పంచే బొరుగులు పోసుకోమని పొన్నుత్తాయి తన బేసిన్‌ను తానుగా ఇచ్చింది.

అది రోజా రంగు బేసిన్. ఆమె తమ్ముడు సింగపూర్ నుంచి తెచ్చాడు. నాలుగేళ్ళుగా బీరువా మీద ఉంటోంది, ఒక్క చుక్క నీళ్ళు ఎరగదు. లోపల అడుగున అరచేయంత బంగారు రంగు స్టిక్కరు. ఇస్తూ పొన్నుత్తాయి ఒకటే షరతు పెట్టింది: స్టిక్కరు తడవకూడదు. మనిషి ఎక్కకూడదని ఆమె చెప్పలేదు.

"నేను మిల్లులో ఆసిడ్ తొట్లు అతికే మనిషిని," అన్నాడు సేతురామ. "ఇది బొరుగుల బేసిన్. రేపు మధ్యానానికి తెస్తాను, చూడు."

మర్నాడు మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ కాళియప్పన్ పుస్తకంలో రాసుకున్నాడు: 'పగిలిన బేసిన్, రోజా రంగు, ఒకటి.' రాసి, అటూ ఇటూ తిప్పి, పగులు మీద వేలు పెట్టి రూఢి చేసుకుని లోపలికి వదిలాడు.

సేతురామది బ్లీచింగ్ విభాగంలో మరమ్మతు పని. పీవీసీ గొట్టాలు, తొట్లు పగిలితే అతను గన్ తీసుకుని వెళ్తాడు. ఆ గన్ మూతిలోంచి నిప్పు రాదు, నిప్పులాంటి గాలి వస్తుంది. ఆ గాలికి పగులు అంచులూ, చేతిలోని ప్లాస్టిక్ కడ్డీ కొసా ఒకేసారి నూనె రాసినట్టు మెరవాలి. మెరిసిన క్షణంలో కడ్డీని నొక్కుతూ పోవాలి. ముందైతే అంటదు, ఆలస్యమైతే మాడుతుంది. ఆ క్షణం సేతురామకు ఎప్పుడూ తప్పలేదు. ఇంట్లో పాలు పొంగే క్షణం మాత్రం రోజూ తప్పుతుంది.

భోజనాల గంటకు పని మొదలెట్టాడు. పగులు ఇంకా పాకకుండా కొసన చిన్న రంధ్రం వేశాడు, అంచులు చెక్కాడు, ఎప్పుడూ వాడే బూడిదరంగు పీవీసీ కడ్డీతో వెనకవైపు అతికాడు. గీత గీసినట్టు కుదిరింది. ఫోర్‌మన్ వేలుసామిని పిలిచి చూపించాడు. వేలుసామి గోటితో కొస పట్టి లాగాడు. అతుకంతా అరటినారలా ఊడి చేతికొచ్చింది.

"చెక్కిన పొట్టు కాల్చి చూస్తివా?" అన్నాడు వేలుసామి.

చూడలేదు. ఇప్పుడు కాల్చారు. పీవీసీ అయితే గొంతు పట్టే ఘాటు రావాలి, మంట ఆరిపోవాలి. ఇది చుక్కలు చుక్కలుగా కారుతూ నింపాదిగా మండింది. కొవ్వొత్తి వాసన.

"ఇది వేరే ప్లాస్టిక్కు. నీ కడ్డీ దీనికి అంటదు. మనవాళ్ళ మాదిరి దా, సొంతంలో తప్ప సంబంధం చెయ్యదు."

"దీని సొంతమంతా సింగపూర్‌లో ఉండాదే, అన్నా!"

"అడుగు చూడు రా. కాలు ఉంది గదా."

బేసిన్ అడుగున ఆనుకోవడానికి చుట్టూ వేలెడు ఎత్తు గట్టు ఉంది. అదే ప్లాస్టిక్, అదే రోజా రంగు. సేతురామ దాన్ని చుట్టూ సమంగా కోసి, చీలికలు చేసి, కడ్డీలుగా వాడాడు. గన్ వేడి కొంచెం తగ్గించాడు. అంచు మెరిసింది, చీలిక మెరిసింది, నొక్కాడు. సగం దూరం పోయేసరికి లోపల ఏదో చిటపటమంది. తిప్పి చూశాడు. బంగారు స్టిక్కరు వేడికి అప్పడంలా చుట్టుకుని, అతను చూస్తుండగానే ఊడి కింద పడింది.

అతని గుండె కూడా అక్కడే ఎక్కడో పడింది. కానీ స్టిక్కరు ఉన్నచోట రూపాయి బిళ్ళంత గుంట కనిపించింది. నల్లగా, అంచులు కరిగి, చుట్టూ మసి.

సేతురామ ఆ మసిని వేలితో తడిమాడు. కొత్తది ఏది వచ్చినా పొన్నుత్తాయి కర్పూరం వెలిగించందే ముట్టదు. మిక్సీకి వెలిగించింది, ఫ్యానుకు వెలిగించింది. సింగపూర్ బేసిన్‌కు కూడా వెలిగించింది. బేసిన్‌లోనే. తర్వాత స్టిక్కరును బయట ఎక్కడినుంచో ఒలిచి ఇక్కడ అంటించింది. బావమరిది స్కూటర్ సీటు మీద ఎప్పుడూ తువాలు ఎందుకు పరిచి ఉంటుందో కూడా అతనికి ఆ నిమిషంలో అర్థమైంది.

ధనమ్మాళ్‌కు చెబితే టిఫిన్ క్యారియర్ మూతకు మంచి జవాబు దొరికేది. పాప చెవులు మాత్రం పెళ్ళినాటికి కూడా ఖాళీగానే ఉండేవి. సేతురామ మసి గీకాడు, మిగిలిన చీలికతో గుంట నింపాడు, చల్లారాక చెక్కి నున్నగా రుద్దాడు.

గేటు దగ్గర కాళియప్పన్ పుస్తకం తెరిచాడు.

"పగిలిన బేసిన్ అని ఉండాది. పగులు ఏది?"

"అతికినాను గదన్నా."

"నాకు అదంతా తెలీదు. పగిలినది దా లోపల పోయె, పగిలినది దా బయట రావాల. ఇది కొత్తది."

"ఇక్కడ చూడన్నా, అతుకు!"

కాళియప్పన్ కళ్ళద్దాలు పెట్టుకుని వెతికాడు. ఎండలో పట్టి వెతికాడు. సేతురామ కూడా వెతికాడు. తన పని మీద ఇంత గర్వమూ ఇంత కోపమూ ఒకేసారి అతనికి ఎప్పుడూ రాలేదు. చివరికి వేలుసామి వచ్చి సాక్షి సంతకం పెడితే, కాళియప్పన్ పుస్తకంలో 'పగిలిన' కొట్టేసి 'పగిలిందని చెప్పబడిన' అని రాసుకుని వదిలాడు.

శుక్రవారం పొద్దున పొన్నుత్తాయి మంచినీళ్ళు కూడా ముట్టకుండా నేరుగా బేసిన్ దగ్గరికి వెళ్ళింది. బొరుగుల్లోకి మోచేతి దాకా చెయ్యి దించి అడుగు తడిమింది. ఆమె ముఖం మారింది.

"స్టిక్కరు ఏది?"

ధనమ్మాళ్ గోడకు అతుక్కుపోయింది. ముత్తుకృష్ణ తొడమీదికి ఎక్కబోతున్న పాప ఆగింది. చెవులు కుట్టడానికి వచ్చిన ఆచారి బంగారు తీగ పట్టుకున్న చెయ్యి గాల్లో నిలిచింది.

"వేడికి ఊడిపోయె, అక్కా," అన్నాడు సేతురామ, రేషన్ కార్డు ఫోటోలోని ముఖంతో. "కింద చూస్తిని. అంతా నున్నగా దా ఉండె."

పొన్నుత్తాయి మళ్ళీ చెయ్యి దించింది. ఈసారి నిదానంగా తడిమింది. ఇటు తడిమింది, అటు తడిమింది. తలెత్తి సేతురామను చూసింది. సేతురామ తోరణాన్ని చూశాడు.

"ఉండదా మరి!" అంది గట్టిగా, అందరికీ వినబడేలా. "సింగపూర్ సరుకు, తమ్ముడా! స్టిక్కరు పోతే ఏం? ధనం, అట్ల నిలబడిపోతివే? పాపను మామ ఒళ్ళో పెట్టు, మంచి గడియ దాటిపోతాది!"

పాప మేనమామ తొడమీద కూర్చుంది. మొదటి చెవికి అరిచింది, రెండో చెవికి మేనమామను కరిచింది. "అయ్యో బావా, రక్తం!" అని ముత్తుకృష్ణ తన చెయ్యి చూపిస్తుంటే, పొన్నుత్తాయి దోసిళ్ళతో బొరుగులు తీసి ఊరంతటికీ పంచింది.

ఆదివారం మధ్యాహ్నం ధనమ్మాళ్ కొళాయికి వెళ్ళిన సమయం చూసుకుని పొన్నుత్తాయి ఒంటరిగా వచ్చింది. కొంగు చాటునుంచి ఒక ప్లాస్టిక్ కూజా తీసి రేడియో మీద, పింగాణీ కుక్కపిల్ల పక్కన పెట్టింది. కూజా నడుముకు అరచేయంత వెండి రంగు స్టిక్కరు.

"తమ్ముడా," అంది గొంతు తగ్గించి, "దీనికి కూడా స్టిక్కరు ఊడిపోవాల."