బెల్లం గుద్దిన డోరు

పద్మలత కాశిబుగ్గల మొగిలి షెడ్డు ముందర కారు ఆపేసరికి పొద్దున పది దాటింది. దిగంగనే ఆమె అడిగిన మాట ఒక్కటే.

"అన్నా, సాయంత్రం ఆరింటి లోపట కావాలె. అయితదా, కాదా?"

మొగిలి కార్ల లోపలి ప్లాస్టిక్ సామాను అతికే మనిషి. డాష్‌బోర్డు పలిగినా, డోరు లోపలి ప్యాడు పలిగినా సగం వరంగల్ ఆయన దగ్గరికే వస్తది. పనితనం ఎంత మంచిదో నోరు అంత చెడ్డది. వెనుక ఎడమ డోరు తెరిచి చూసిండు. హ్యాండిల్ కింద జానెడు పగులు, దాని కింద నీళ్ల బాటిల్ పెట్టే జేబు ఊడి వేలాడుతాంది. పగులు మీద తెల్లగ గడ్డకట్టిన గమ్మును గోటితోని గీకిండు.

"గమ్ము పెట్టినవా చెల్లె?"

"జరంతనే అన్నా."

"నువ్వు జరంత పెడితె నేను గంటసేపు గీకాలె. గమ్ము మీద అంత నమ్మకముంటె నా దగ్గరికెందుకొచ్చినవ్?" అని జేబులకు తొంగి చూసిండు. "ఈ చీమలేంది? వీటిని గూడ ఎక్కించుకొని తిరుగుతానవా?"

చీమల సంగతి చెప్పాల్నంటే ముందు పద్మలత లైసెన్సు సంగతి చెప్పాలె. హన్మకొండ చౌరస్తాల స్టీలు సామాన్ల దుకాణం వాళ్లది. నలభై ఎనిమిదేండ్లకు కారు నేర్సుకుంట అంటే భర్త వీరభద్రం ముందుగాల నవ్విండు, తర్వాత మొఖం ముడుచుకున్నడు, ఆఖరికి ఒక షరతు పెట్టి ఒప్పుకున్నడు. లోపల గాని బయట గాని బండికి చిన్న గీత పడ్డా సరే, మళ్ల స్టీరింగు ముట్టద్దు. ఆమె టెస్టుల మొదటిసారి ఫెయిలైంది. రెండోసారి పోయేముందు, పాసైతె మేడారం వచ్చి నా ఎత్తు బంగారం ఇస్త తల్లీ అని సమ్మక్కకు మొక్కుకున్నది. తల్లికి ఇచ్చే బెల్లాన్నే మన దిక్కు బంగారం అంటరాయె. పాసైంది.

నిన్న కిరాణం దుకాణంల కాంటా ఎక్కితె డెబ్బయి నాలుగు కిలోలు తూగింది. వారం నుంచి రాత్రి అన్నం మానేసినా ఏం లాభం లేకపాయె. "నీకు లాభం లేకున్నా తల్లికి లాభమే గదనే" అని పక్కింటి కమల ఒకటే నవ్వుడు. పది కిలోల ముద్దలు ఏడు, నాలుగు కిలోల ముక్క ఒకటి. ఎక్కడ పెట్టాలె? డిక్కీల స్టెప్నీ, పాత చెప్పులున్నయ్. సీటు కిందికి అంటరా, అది కాళ్లు పెట్టే జాగ. బంగారాన్ని అక్కడెట్ల పెడ్తరు? వెనుక సీటు మీద కొత్త తువాల పరిచి, పసుపు కుంకుమ పెట్టి, దేవుని పటం ముందర పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి పేర్చింది. ఇంటికి పోతాంటే జాతరకు తోలుకపోయే మేకల మందల నుంచి ఒక పిల్ల ఎగిరి రోడ్డు మీద పడ్డది. పద్మలత స్టీరింగు కుడికి కోసి బ్రేకు తొక్కింది. మేకపిల్ల బతికింది. బంగారం మొత్తం జారిపోయి ఎడమ డోరును గుద్దింది.

వీరభద్రం సరుకు కోసమని విజయవాడ పోయిండు. రాత్రి ఏడింటికి దిగుతడు. రేపు తెల్లారంగనే మేడారం ప్రయాణం, బండి పద్మలతనే నడపాలె. ఆయన ఈ పగులు చూసిండంటే ఆమె డ్రైవింగు ఈ రాత్రితోని బందు.

అంత విని మొగిలి నవ్వలేదు. "బెల్లం ఏడున్నది?"

"సీటు మీదనే."

"కింద పెట్టకు, ఆగు" అని పెండ్లాం చిలుకమ్మను పిలిచిండు. ఆమె మంచం తెచ్చి, ఉతికిన దుప్పటి పరిచి, ముద్దలు పేర్చి ఊదుబత్తి ముట్టించింది. గంట కాకముందే తొవ్వంట పోయేటోళ్లు చెప్పులు విడిచి మొక్కుడు మొదలువెట్టిన్రు. కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలె అని ఒకాయన మొగిలినే అడిగిండు. మొగిలి ఆయనకు చెప్పిన జవాబు ఇక్కడ రాసేది కాదు.

పని మాత్రం మొగిలి పూజ లెక్కనే చేసిండు. స్క్రూలు తీసి, క్లిప్పులు ఒక్కొక్కటి విడిపించి, ప్యాడును బల్ల మీద బోర్లేసిండు. వెనుక దిక్కు పగులు పొడుగూత సన్నటి స్టీలు జాలి పెట్టి, కాల్చిన కడ్డీతోని ప్లాస్టిక్‌లకు దిగేసిండు. పాత బంపరు ముక్క కరిగించి పైన నింపిండు. ప్యాడు మీద తోలు లెక్క సన్న సన్న గీతలుంటయ్ గద, నున్నగ వదిలేస్తె అతుకు దొరికిపోతది. అందుకని కుడి డోరు మీద రబ్బరు లేపనం పూసి, ఆరినంక పొర లెక్క ఒలిచి పక్కకు పెట్టుకున్నడు. అతుకు వేడి మీద ఉన్నప్పుడు ఆ పొరతోని అద్దితె అవే గీతలు పడ్తయట. పద్మలతకు పానం జర నిమ్మళమైంది.

రెండింటికి ఫోను మోగింది. వీరభద్రం.

"పద్మా, ముందటి రైలు దొరికింది. గంటల కాజీపేటల దిగుత. జాతర రద్దీకి ఆటోలు దొరుకుతలెవ్వట. నువ్వు కారు తీస్కొని రారాదు?"

పద్మలత ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి మొగిలికి సంగతి చెప్పింది. పెండ్లయి ఇరవై ఆరేండ్లు. నన్ను తోలుకపో అని ఆయన ఎన్నడన్న అడిగిండా? ఆమెకు సంబురమైంది, ఆ సంబురం మీదనే ప్యాడు లేని డోరు దిక్కు చూసింది.

"ఇప్పుడు బిగిస్తె మచ్చ కనబడ్తది," అన్నడు మొగిలి. "ఇంకో గంటన్నర కావాలె. బండి స్టార్ట్ అయితలేదని చెప్పు."

చెప్పొచ్చు. నోటి దాక వచ్చింది గూడ. కని అడగక అడగక ఒక్కసారి అడిగిన మనిషికి రాను అని ఎట్ల చెప్తది?

"ప్యాడు నీ కాడనే ఉంచు అన్నా. నేను ఇట్లనే పోత."

పోయింది. డోరుకు లోపల ఇనుప రేకు, వైర్లు, వాటి మీద పల్చటి కవరు ఒకటి గాలికి పటపట కొట్టుకుంట. స్టేషన్ ముందర వీరభద్రం రెండు అట్టపెట్టెలు మోసుకొని వచ్చిండు. వచ్చి, ఉన్న నాలుగు డోర్లల్ల ఆ డోరే తెరిచిండు.

ఆయన అడగకముందే పద్మలత ఒక్క ఊపిరిల చెప్పేసింది. "బంగారం సీటు మీద పెట్టిన. మేకపిల్ల అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కితె పోయి గుద్దింది. గమ్ము పెట్టి ఇంక ఖరాబు చేసిన. మీరు చూడకముందే బాగు చేపిచ్చి దాచిపెడుదామనుకున్న."

వీరభద్రం వంగి వైర్ల దిక్కు చూసిండు.

"మేకపిల్ల?"

"ఏం కాలేదు."

"తోలేటోళ్లు?"

"ఒక ముసలామె ఉండె. ఆమెకు గూడ ఏం కాలేదు. నన్ను మాత్రం బాగ తిట్టింది."

ఆయన ఊడిన కవరు కొసను వేలితోని ఒత్తి అతికిచ్చి, పెట్టెలు సీటు మీద పెట్టి డోరేసిండు. పద్మలత డ్రైవరు సీటు కాడికెల్లి జరిగి, ఇగ అయిపాయె అనుకుంట నిలబడ్డది. ఆయన బండి చుట్టు తిరిగి పోయి ఎడమ దిక్కు కూసున్నడు.

"రాత్రంత నిద్ర లేదు," అన్నడు సీటు వెనుకకు వంచుకుంట. "నేను జర పంట. నువ్వు పోనియ్."

ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కకముందే గురక మొదలైంది. ఎదురుంగ లారీలు, బస్సులు, డప్పులు కొట్టుకుంట పోయే జాతర బండ్లు. దేనికీ ఆయన కన్ను తెరవలేదు. పద్మలతకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చినయ్. ఎడమ చేత్తోని కొంగు తీసుకొని కండ్లు తుడుచుకున్నది.

కాశిబుగ్గల మొగిలి ప్యాడు పట్టుకొని ఎదురొచ్చి నోరు తెరవబోతె, ఆమె పెదవుల మీద వేలు పెట్టింది. మొగిలి ముందు సీటుల మనిషిని చూసి చెప్పులు పక్కకు విడిచిండు. చప్పుడు కాకుండ తువాల అడ్డం పెట్టి క్లిప్పులు ఒక్కొక్కటి బొటనవేలుతోని ఒత్తిండు. అతుకు ఎక్కడున్నదో పద్మలతకే దొరకలేదు. చివరి క్లిప్పు టక్కుమనంగ వీరభద్రం కదిలిండు.

"ఇల్లొచ్చిందా?"

"ఇంక రాలేదు, పండుకోండ్రి" అన్నది పద్మలత.

ఆయన తల అటు తిప్పుకొని మళ్ల నిద్రపోయిండు.