అంతోనివారి పాదాల దగ్గర మా అత్తయ్య

మా వీధి చివర, నాలుగు రోడ్లు కలిసే చోట పునీత అంతోనివారి రాతి విగ్రహం ఉంది. పోయినవి దొరికేలా చేసే పునీతుడని ఆయనకు పేరు. ఆ విగ్రహం చెక్కిన శిల్పి ఉలి పోగొట్టుకుని మూడు రోజులు వెతికాడట. చివరికి సగం చెక్కిన అంతోనివారి అరచేతిలోనే కనబడిందట. అప్పటి నుంచి మా ఊళ్లో ఎవరికేం దొరికినా తెచ్చి ఆయన పాదాల దగ్గర పెడతారు, పోగొట్టుకున్నవాళ్లు వచ్చి తీసుకుపోతారు. తాళాలు, గొడుగులు, ఒంటి చెప్పులు ఎప్పుడూ నాలుగైదు ఉంటాయక్కడ. నన్నడిగితే ఆ ఉలి శిల్పే అక్కడ పెట్టి మరిచిపోయుంటాడు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మొగుడితో కాపురం చేస్తున్నదాన్ని, అద్భుతాల మీద నాకు అంత తేలిగ్గా గురి కుదరదు.

నాది లాండ్రీ. ముందు గదిలో కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. అత్తయ్యకు మతిమరుపు జబ్బు వచ్చి రెండేళ్లయింది. మొదట సామాన్లు మరిచిపోయింది, తర్వాత వారాలు, ఆ తర్వాత నన్ను. పొద్దున్నే బస్సు నడపడానికి పోయి సాయంత్రానికి గానీ కనబడని కొడుకు గుర్తున్నాడు, రోజంతా వెనకాలే తిరిగే నేను గుర్తులేను. "ఎవరమ్మా నువ్వు? మా కోడలెక్కడికెళ్లింది?" అని రోజుకు పదిసార్లు అడిగేది. "నేనే అత్తయ్యా" అంటే మర్యాదగా నవ్వి ఊరుకునేది. ఆ మర్యాద చూస్తే నాకు ఏడుపొచ్చేది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఇస్త్రీ సరిగ్గా రాలేదని నన్ను దులిపేసిన మనిషి, చేయి పట్టుకుని ఈ పనంతా నేర్పిన మనిషి. మళ్లీ ఒక్కసారి తిడితే బాగుండుననిపించేది.

దారి తప్పుతుందేమోనన్న భయంతో, కొట్లో బట్టలకు వేసే గుర్తుగుడ్డ ఒకటి తీసుకుని, చెరగని సిరాతో మా ఫోన్ నంబరు రాసి, ఆవిడ స్వెటర్ మెడ లోపల కుట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఒక మంగళవారం ఆ స్వెటర్ మీద టీ ఒలికింది. ఊరందరి మరకలూ వదిలించే చేతులాయె, ఊరుకుంటాయా? విప్పి నానబెట్టేశాను. కొట్లో ఎవరికో కోటు అప్పగించి లోపలికొచ్చేసరికి వెనక తలుపు బార్లా తీసి ఉంది. అత్తయ్య లేదు. మా నంబరు బకెట్లో నానుతోంది.

వెనక సందు దాటితే లారీలు తిరిగే పెద్ద రోడ్డు. ముందు అటే పరుగెత్తాను. బస్టాపు, మందుల షాపు, పార్కు అన్నీ గాలించాను. మా ఆయనకు ఫోన్ చేసి, "ఏమండీ, అత్తయ్య కనబడట్లేదు, తప్పు నాదే" అన్నాను. "కంగారుపడకు, బస్సు డిపోలో పెట్టి వచ్చేస్తున్నా" అన్నారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు, నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

బేకరీ ఆవిడ గుమ్మంలోంచే కేకేసింది. "అంతోనివారి దగ్గర చూశావా?"

"పోయింది మనిషండీ, గొడుగు కాదు!" అని కసిరాను. పాపం, మంచికే చెప్పింది. ఇంకెక్కడ వెతకాలో తెలియక కాళ్లు మాత్రం అటే నడిచాయి.

అత్తయ్య అక్కడే ఉంది. విగ్రహం పాదాల దగ్గర, ఒక గొడుగుకీ తాళాల గుత్తికీ మధ్య, బుద్ధిగా స్టూలు మీద కూర్చుంది. పక్కనే చెప్పులు కుట్టే పెద్దాయన తను నిలబడి పని చేసుకుంటున్నాడు. స్టూలు ఆయనదే. తన కోటు కూడా ఆవిడ భుజాల మీద కప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మీ మనిషేనా అమ్మా?" అన్నాడాయన. "గంట దాటింది వచ్చి. ఇల్లెక్కడని అడిగితే చెప్పదు. కోడలు తప్పిపోయిందట. ఎవరికైనా దొరికితే ఇక్కడికే తెస్తారు కదా, వచ్చేదాకా కదలనంది. నేనూ కదల్లేదు."

నేను ఊరంతా ఆవిడ కోసం తిరుగుతుంటే, ఆవిడ నా కోసం ఇక్కడ కాపలా కూర్చుంది.

అత్తయ్య తలెత్తి చూసింది. నా తడి ఏప్రన్ వంక, మొహం వంక తేరిపార చూసింది. చటుక్కున లేచి నా చెయ్యి పట్టుకుంది.

"ఇదిగో, దొరికింది! ఇదే మా కోడలు!" అని ఆయనకు చూపించింది. ఆ వెంటనే నా వైపు తిరిగింది. "ఎక్కడ చచ్చావే ఇన్నాళ్లూ? చెప్పాపెట్టకుండా పోతావా?"

"తప్పయిపోయింది అత్తయ్యా" అన్నాను. రోడ్డు మీద అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాను. పెద్దాయనకు చేతులెత్తి దండం పెట్టాను. ఆయన అంతోనివారి వైపు చూపించాడు. సరే, ఆ రాతి మనిషికీ పెట్టాను. నిజంగానే పెట్టాను, మొక్కుబడిగా కాదు.

దొరికిందని మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. అత్తయ్య ఇంటిదాకా నన్ను తిడుతూనే నడిచింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మర్నాడు పొద్దున్న టీ ఇస్తుంటే మళ్లీ మర్యాదగా నవ్వింది. "ఎవరమ్మా నువ్వు?"

"మీరు వెతికి తెచ్చుకున్న కోడల్ని" అన్నాను.

"ఓహో, దొరికిందా! పోన్లే" అంది నిశ్చింతగా, కప్పు అందుకుంటూ.