పసుపు తీగ

డెల్బర్ట్ తొమ్మిదో సినిమా పేరు కొట్టేసేసరికి లొరేన్‌కు ఒళ్లు మండిపోయింది.

అది సెప్టెంబరు ఆఖరి ఆదివారం. పెళ్లయిన ముప్పై నాలుగేళ్లుగా ఆ మధ్యాహ్నం ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, అక్టోబరు నెలంతా రోజుకొకటి చొప్పున చూడాల్సిన ముప్పై ఒక్క భయపెట్టే సినిమాలు ఎంచుకుంటారు. దాణా కొట్టువాళ్లిచ్చిన క్యాలెండర్ వెనకవైపు లొరేన్ పేర్లు రాస్తుంది, డెల్బర్ట్ అక్కర్లేనివి కొట్టేస్తాడు. దానికో పద్ధతుంది. మొదటి పది రోజులూ రాలే ఆకులు, మంచు, పాత ఇళ్లు ఉన్నవి. నెల మధ్యలో దయ్యాలు. ఆఖరి వారం గుండె ఆగేలా ఉండాలి. నెత్తురు చిమ్మేవి మాత్రం ఆ ఇంటి గడప తొక్కకూడదు.

ఈ ఏడు డెల్బర్ట్ ఆ పద్ధతిని గాలికొదిలేశాడు. 'మూగ చర్చి' పోయింది. 'కొండమీది లాంతరు' పోయింది. కేకలూ, తలుపుల కిర్రుకిర్రులూ, వాగుడుకాయ పనిమనిషీ ఉన్న చెత్త మాత్రం మిగిలింది.

"ఈ 'ఏడుగురు అత్తలు' ఎందుకుంచావయ్యా? మొదలుపెట్టింది లగాయతు ఆడవాళ్లు గొంతు చించుకోవడమేగా!"

"సరదాగా ఉంటుంది."

"సరదాకా మనం అక్టోబరు చేసుకునేది? 'కొండమీది లాంతరు' అంటే ప్రాణం పెట్టేవాడివి. నిరుడు రెండుసార్లు చూశావు."

"చూశాను కాబట్టే విసుగొచ్చింది. నీ రుచి ఒక్కటే రుచా, లొరేన్? 'పొలంగట్టు మనిషి' కూడా వద్దు. గంటన్నర సేపు ఒక్క మాట ఉండదు."

అంటూ పెన్నుతో బర్రున ఒక గీత గీశాడు. లొరేన్ కాగితం లాక్కుని చూసింది. గీత పడింది 'పొలంగట్టు మనిషి' మీద కాదు. దాని కింద వరసలో, ముప్పై ఒకటో తేదీ ఎదురుగా ఉన్న 'చెరువింటి కిటికీ' మీద పడింది.

ఆ సినిమాను కొట్టేయడమంటే పెళ్లి ఫొటో చింపడమే. కార్లలో కూర్చుని సినిమా చూసే మైదానంలో వాళ్లిద్దరూ మొట్టమొదట కలిసి చూసింది అదే. అందులో ఒకచోట, చీకటింటి పై కిటికీలో ఒక ముసలమ్మ రెప్పపాటు కనిపించి మాయమవుతుంది. ఏటా ఆవిణ్ణి ముందు చూసినవాళ్లు బల్ల మీద చరచాలి. గెలిచినవాళ్లకే మొదటి ఆపిల్ డోనట్.

"దేన్ని కొట్టేశావు?" అని అడిగింది.

"చెప్పానుగా, 'పొలంగట్టు మనిషి'."

లొరేన్ నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగింది. పోయిన వారం కాఫీని కప్పులో కాక పక్కన పోసి, కప్పే జరిగిందన్నాడు. అంతకుముందు ట్రాక్టరుతో ఉత్తరాల పెట్టెను పడగొట్టి, తప్పు టపావాడిదేనని వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆవిడ కూడా గొంతు కలిపింది. ఇప్పుడు ఆ టపావాడి మొహం గుర్తొచ్చి సిగ్గేసింది.

శనివారం సంగతి ఆ వెంటనే గుర్తొచ్చింది. ఏటా అక్టోబరు మొదటి శనివారం ఓర్విల్ హాచ్ తన ఆపిల్ తోటలో పిల్లల్ని గడ్డి పరిచిన బండెక్కించి తిప్పుతాడు. బండిని లాగే ట్రాక్టరు నడిపేది డెల్బర్టే. చెరువు గట్టు మీద దారి బండి వెడల్పే ఉంటుంది. ఈసారి పద్దెనిమిది మంది పిల్లలు ఎక్కుతున్నారు. వాళ్లలో ఒకతి తమ మనవరాలు టెస్సా.

"సరే, ముందు 'చెరువింటి కిటికీ' ఓసారి చూద్దాం పద," అంది లొరేన్.

"ఇప్పుడా? అది ముప్పై ఒకటిన కదా!"

"ఆ కిటికీ ముక్క ఒక్కటే. నెగ్గితే డోనట్ నీదే. భయమా?"

భయమా అంటే డెల్బర్ట్ ఏనాడూ కూర్చున్నచోట ఉండలేదు. చంకలు గుద్దుకుంటూ హాల్లోకి వెళ్లి తన కుర్చీలో కూలబడ్డాడు. లొరేన్ డోనట్ల పళ్లెం బల్ల మీద పెట్టి, డిస్కు వేసి, సరిగ్గా ఆ ఘట్టానికి తెచ్చింది. తర్వాత టీవీ వెనక్కి వెళ్లింది. అది పాతకాలపు టీవీ. వెనక మూడు తీగలుంటాయి. ఎరుపు, తెలుపు శబ్దానికి. పసుపు బొమ్మకు. ఆవిడ పసుపు తీగ పీకేసింది.

తెర నల్లబడింది. గాలి హోరు మాత్రం ఆగలేదు. గుమ్మం మెట్ల మీద అడుగులు వినిపించాయి. వయొలిన్ సన్నగా ఎత్తుకుంది.

డెల్బర్ట్ బల్ల మీద ఫెడీమని చరిచాడు.

"కనబడింది! పైన, ఎడమవైపు కిటికీ! తేవే డోనట్టు!"

లొరేన్ మెల్లిగా వచ్చి, చాచిన ఆ చేతిలో తీగ కొస పెట్టింది.

"ఏమిటిది?"

"పసుపు తీగ."

డెల్బర్ట్ దాన్ని తడిమాడు. అతని మొహం పాలిపోయి, అంతలోనే కందగడ్డలా అయింది.

"నాకు పరీక్ష పెట్టావా? కుక్కకు పెట్టినట్టు!"

"కుక్కయితే మొరిగైనా చెప్పేది! ఎప్పటినుంచి?"

"లొరేన్..."

"ఎప్పటినుంచి అంటున్నా!"

"ఏప్రిల్లో చెప్పాడు డాక్టరు. మధ్యలో చూపు పోతోందట. పక్కలు బాగానే కనబడతాయి."

"ఏప్రిల్! ఆర్నెల్లుగా నా పక్కన పడుకుని, నా వంట తిని, ఇందాక నా రుచి మీద పడి ఏడ్చావు! నీ కళ్లు పోతుంటే నా సినిమాలకు వంక పెట్టావు! పోనీ, నాతో అబద్ధమాడావు, నేను చస్తే చస్తాను. శనివారం ఆ పిల్లల్నెక్కించుకుని గట్టు మీద ఎలా పోదామనుకున్నావు?"

"ఇరవై ఏళ్లుగా పోతున్న దారి. కళ్లు మూసుకుని నడపగలను."

"ఆ పనే చేస్తున్నావు!"

ఆ కేక వీధిలోకి వినిపించి ఉంటుంది. వినిపించనీ అనుకుంది లొరేన్. జాలి పడాల్సిన చోట తనకు కోపం తప్ప ఇంకేమీ రావడం లేదు. దాని గురించి ఆవిడ సిగ్గుపడనూ లేదు. గట్టు దాటి నీళ్లలోకి ఒరిగే బండి ఒక్కటే కళ్ల ముందు ఆడుతోంది.

"ఆ ట్రాక్టరు తాళంచెవి ఇలా పెట్టు."

"ఇవ్వను. రాత్రిళ్లు పిక్కప్పు బండి నడపడం మానేశాను. వేట మానేశాను. అదీ పోతే నాకేం మిగులుతుంది? నీ చెయ్యి పట్టుకు నడవడమా?"

లొరేన్ అతని చేతిలోని తీగ లాక్కుని వెళ్లి దాని చోట గుచ్చింది. సినిమాను వెనక్కి తిప్పి మళ్లీ వేసింది. వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

"ఇప్పుడు బొమ్మ ఉంది. వయొలిన్ వచ్చినప్పుడు కాదు, ముసలమ్మ వచ్చినప్పుడు కొట్టు. కొట్టావా, శనివారం నువ్వే నడుపు."

గాలి హోరెత్తింది. మెట్ల మీద అడుగులు. డెల్బర్ట్ మెడ పక్కకు తిప్పి, కంటి కొసలతో తెరను వెతికాడు. చెయ్యి పైకి లేచింది. వయొలిన్ వచ్చింది, పెరిగింది, ఆగిపోయింది. చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"వచ్చిందా?" అని అడిగాడు.

ముప్పై నాలుగేళ్లలో ఆ మాట అతను అడగడం అదే మొదలు.

లొరేన్ పళ్లెం ఎగిరేలా బల్ల మీద చరిచింది.

"వచ్చింది. పోయింది కూడా!"

డెల్బర్ట్ చెయ్యి దించాడు. తర్వాత జేబులోంచి ట్రాక్టరు తాళంచెవి తీసి, బల్ల అంచు తడుముకుని అక్కడ పెట్టాడు. లొరేన్ దాన్ని ఏప్రన్ జేబులో వేసుకుంది. గెలిచింది తను కాబట్టి మొదటి డోనట్ తనే తీసుకుని, అతనికి తుంపైనా పెట్టకుండా, కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా మొత్తం తినేసింది. ఓర్విల్‌కు ఫోన్ చేసి ఇంకొకర్ని చూసుకోమంది. వంటింట్లోకి వెళ్లి క్యాలెండర్ తెచ్చుకుంది.

"ఒకటో తేదీ, 'పొలంగట్టు మనిషి'," అని రాసుకుంటూ పైకి చదివింది.

"అందులో మాటలే ఉండవన్నానా!" అన్నాడు డెల్బర్ట్.

"నేను చెబుతాను. గడ్డిపరకతో సహా చెబుతాను. రోజుకొకటి, ముప్పై ఒక్క రోజులూ. వినక ఎక్కడికి పోతావు?" అంటూ పెన్ను గట్టిగా నొక్కి రెండో తేదీ ఎదురుగా 'కొండమీది లాంతరు' అని రాసింది.