పదకొండు కేసుల తండా

రూప్‌సింగ్ దొంగ కాదని పోలీసు జమాదారుకు తెలుసు. పొలం మోటారు పోయిన కాలనీ ఆసామి వెంకట్రావుకూ తెలుసు. అయినా 1981 వానాకాలం, నాట్ల మధ్యలో, బాన్సువాడ శివారులోని మా తండాకు జీపు వచ్చింది. జమాదారు దిగి మా పెద్ద లక్‌పతిని ఒక్కటే అడిగాడు.

"ఈసారి వంతు ఎవనిది?"

కార్మిక సోదరులారా, చదువుకునే పిల్లలారా, సిగ్గుతోనే చెబుతున్నాను. చుట్టుపక్కల ఏ దొంగతనం జరిగినా పోలీసులు తండా మీద పడి అందరినీ చావగొట్టేవాళ్లు. అందుకని మా పెద్దలు ఇంటికొక వంతు పెట్టారు. వంతు వచ్చినవాడు పోయి నేరం ఒప్పుకోవాలి, మూడు నెలలు జైల్లో ఉండి రావాలి. అన్నాళ్లూ అతని ఇంటికి తండా జొన్నలు పోస్తుంది, చేను దున్నిపెడుతుంది. ఇదే తెలివి అనుకున్నాం.

ఈసారి వంతు రూప్‌సింగ్‌ది. అతనికి క్షయ. జైలుకు పోతే తిరిగి రాడని తండా అంతటికీ తెలుసు.

"రేపు పొద్దుగాల తోల్కరా," అని జమాదారు వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అందరం కూడాం. ఆడపిల్లనైనా నేను పదో తరగతి దాకా చదివాను, కూలి సంఘంలో తిరుగుతాను. కాలువ దగ్గరి పోలీసు ఔట్‌పోస్టు గోడ మీద బస్తీలవారీగా, ఏడాదివారీగా కేసుల బోర్డు ఉంటుంది. అది రాసుకొచ్చి చదివాను.

"డెబ్బైల మన తండా మీద రెండు కేసులు. డెబ్బై అయిదుల అయిదు. పోయినేడు పదకొండు. బజారుకు ఎన్నడూ మూడు దాటలే. వెంకట్రావు కాలనీకి పదేండ్ల సంది సున్న. మనం ఒప్పుకుంట పోయినం, ఆళ్లు రాస్కుంట పోయిండ్రు. ఇగ గా లెక్క చూస్కొనే జీపు సీదా ఈడికొస్తుంది."

"కూలి అడిగితే వెంకట్రావు నా చెయ్యి ఇరగ్గొట్టిండు గద నీలా," అంది దేవీబాయి. "గది ఏ బస్తీ కింద రాసిండ్రు?"

"రాయలే అక్క. అందుకే సున్న."

లక్‌పతి తల అడ్డంగా ఊపాడు. "వంతు ఇయ్యకుంటే ముసలోళ్లని సూడరు, ఆడోళ్లని సూడరు. ఒక్కడు పోతే తండా బతుకుతది."

"ఆ ఒక్కడు నా పెనిమిటి, కాకా," అంది చాంద్రి.

రూప్‌సింగ్ దగ్గుకుంటూ లేచి, "లొల్లి ఎందుకు, నేను పోత," అన్నాడు. చాంద్రి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. పోతే అందరం పోదాం, ఎవరం ఒప్పుకోవద్దు అనుకున్నాం.

తెల్లవారి ఔట్‌పోస్టు ముందు మేమందరం నిలబడ్డాం. వెంకట్రావు లోపల కుర్చీలో ఉన్నాడు. "మా కాలనీ మీద ఒక్క కేసుందేమో చూడండి," అంటున్నాడు జమాదారుతో. "దొంగబుద్ధి వీళ్లకి పుట్టుకతోనే వచ్చుద్ది."

"వంతు లేదు. మోటారు మేం తియ్యలే," అన్నాను నేను.

"మంచిది. అందర్నీ రాస్త," అన్నాడు జమాదారు.

రాశాడు. పోలీసుల మీదికి వచ్చారని, ముసలివాళ్లను వదిలి నలభై ఇద్దరు మగవాళ్లను జైలుకు పంపాడు. మా ఎదిరింపు కూడా మా లెక్కలోనే కలిసింది.

తొమ్మిదో రోజు రూప్‌సింగ్ జైల్లో రక్తం కక్కుకుని చచ్చిపోయాడు. దవాఖానలో శవాన్ని ఇచ్చారు. చాంద్రి బండిని తండాకు తిప్పనివ్వలేదు, ఔట్‌పోస్టు ముందు ఆపించింది.

"జమాదారూ, బోర్డు మీద మీ ఔట్‌పోస్టుకు వరుస లేదు. ఒకటి గియ్యి. దాంట్ల నా మొగని సావు రాయి."

"పిచ్చి లేసిందా? శవం తీస్కపో."

"రాసినంక తీస్కపోత."

రాస్తారన్న ఆశ మాలో ఒక్కరికీ లేదు. లాఠీలు లేచాయి. చాంద్రిని జుట్టు పట్టి లోపలికి ఈడ్చుకుపోయారు. అప్పుడు లక్‌పతి, వంతు ఇయ్యాలని వాదించిన ఆ ముసలాయన, వచ్చి బండి చక్రానికి ఆనుకుని బురదలో కూర్చున్నాడు. పక్కన దేవీబాయి. ఆమె పక్కన నేను. తర్వాత తండాలో మిగిలిన ఆడవాళ్లందరూ.

మధ్యాహ్నానికి రెండో జీపు వచ్చింది. మేం లేవలేదు.